మైనర్‌గా న్యూట్రిషన్: చిన్నచూపు వద్దు



ఇంటర్ ఫలితాలు రాగానే డిగ్రీలో మేజర్ ఏదన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుంటారు. మైనర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మార్కులు సులువుగా వచ్చేది ఏదో ఒకటి పెట్టెయ్" అంటారు. ఆ మైనర్ల జాబితాలో న్యూట్రిషన్ కనిపిస్తే కాస్త ఆగి ఆలోచించమని నా మనవి.

ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో డిగ్రీకి ఒకే మేజర్, తోడుగా ఒక మైనర్ పద్ధతిని ప్రవేశపెట్టారు. యూజీసీ 2022లో ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కావలసిన 120 క్రెడిట్లలో 24 మైనర్‌వే. అంటే ఐదో వంతు చదువు. దాన్ని "ఏదో ఒకటి" అని వదిలేయడం సబబు కాదు.

న్యూట్రిషన్ అంటే వంటల క్లాసని, ఆడపిల్లల సబ్జెక్టని చాలామంది అనుకుంటారు. నిజానికి తిన్నది ఒంటికి ఎలా పడుతుందో చెప్పే సైన్స్ అది. ఉదాహరణకు, ఆకుకూర పప్పులో ఐరన్ ఉంటుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఐరన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. అదే పప్పులో నిమ్మకాయ పిండుకుంటే, విటమిన్ సి వల్ల ఎక్కువ పడుతుంది. పెద్ద ఖర్చేమీ లేదు, తెలిసి ఉండాలంతే.

ఈ తెలివిడి మన ఇళ్లకు ఎంత అవసరమో చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మన ఇంటర్, డిగ్రీ అమ్మాయిల వయసూ ఇందులోదే.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. మైనర్ చదివినంత మాత్రాన డైటీషియన్ అయిపోరు. ఆసుపత్రిలో రోగులకు డైట్ చెప్పాలంటే అదే సబ్జెక్టులో పూర్తి చదువు, ఇంటర్న్‌షిప్ కావాలి. మైనర్‌తోనే ఆ ఉద్యోగం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మేజర్‌కు మాత్రం ఇది మంచి తోడు. కామర్స్ చదివి ఫుడ్ కంపెనీలో చేరే అబ్బాయికైనా, కంప్యూటర్స్ చదివి హెల్త్ యాప్ తయారుచేసే అమ్మాయికైనా పనికొస్తుంది.

చేర్చే ముందు కాలేజీలో మూడు ప్రశ్నలు అడగండి. పాఠం చెప్పేవారు న్యూట్రిషన్ చదివినవారేనా? ప్రాక్టికల్స్ ఉన్నాయా? మన తిండి గురించి చెబుతారా? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పోషక విలువలతో పట్టికలు ప్రచురించింది. మన రాగులు, జొన్నలు, గోంగూర అన్నీ అందులో ఉన్నాయి. క్లాసులో వాటిని వాడుతున్నారో లేదో తెలుసుకోండి.

మా పిల్లలు ఇంకా స్కూల్లోనే ఉన్నారు కదా అనుకోవద్దు. పదో తరగతి బయాలజీ పాఠాల్లో పోషణ గురించి ఉంది. ఆ పాఠం చదివేటప్పుడు మీ బాబు గానీ పాప గానీ మన వంటల గురించి ప్రశ్నలు వేస్తుంటే, ఆ ఆసక్తిని గుర్తుపెట్టుకోండి. మైనర్ ఎంచుకునే రోజున అది పనికొస్తుంది.