ముందు ఇరుసుకు లాకు కావాలా? ముందు మీ మడిని చూడండి

దమ్ములో ట్రాక్టరు దిగబడితే ఒక చక్రం గిర్రున తిరుగుతుంది, పక్కది కదలదు. ఇంజనుకు బలం చాలలేదనుకుంటాం. కాదు, అది డిఫరెన్షియల్ తీరు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలిది తక్కువ దూరం నడవాలి కాబట్టి ఇరుసు మధ్య ఈ పళ్లచక్రాలు పెట్టారు. అయితే ఒక చక్రానికి పట్టు దొరక్కపోతే రెండోదానికీ బలం అందదు. గంట లెక్కన అద్దె కట్టే రైతుకు చక్రం జారిన ప్రతి నిమిషమూ ఖర్చే.

ఫోర్ వీల్ బండ్ల ముందు ఇరుసులో ప్రధానంగా మూడు రకాలు. మామూలు డిఫరెన్షియల్ ఒకటి. జారుడును తనంతట తానే కొంత అదుపు చేసే 'లిమిటెడ్ స్లిప్' రెండోది. రెండు చక్రాలనూ ఒకటిగా బిగించే పూర్తి లాకు మూడోది.

సంతబొమ్మాళి, టెక్కలి పల్లపు మళ్లకు మామూలు ముందు ఇరుసు, వెనక ఇరుసుకు లాకు ఉంటే చాలని నా అభిప్రాయం. మనవి చిన్న మళ్లు. నాలుగడుగులు వేస్తే గట్టు వస్తుంది, బండి తిప్పాలి. ముందు చక్రాలు బిగిసి ఉంటే స్టీరింగు బరువెక్కుతుంది, మలుపు పెద్దదవుతుంది, ఇరుసు కడ్డీలు, జాయింట్ల మీద ఒత్తిడి పడుతుంది. ఉభాల వేళ ఇరుసు విరిగితే రిపేరు ఖర్చుతో పోదు. నారు ముదిరిపోతుంది, శివారు భూములకు కాలువ నీరు మన కోసం ఆగదు.

ఉద్దానం ఇసుక తోటల్లోంచి కొబ్బరికాయల ట్రాలీ లాగేవారికి మాత్రం లిమిటెడ్ స్లిప్ పనికొస్తుంది. దానికి కంపెనీ చెప్పిన నూనే పోయాలి. లోపలి ప్లేట్లు అరుగుతాయి, ఆ ఖర్చూ లెక్కేసుకోండి. డిఫరెన్షియల్‌ను వెల్డింగు చేయించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ఉన్న లాకును సరిగా వాడటం కొత్తది కొనడంకన్నా మేలు. చక్రం జోరుగా తిరుగుతుండగా లాకు వేయకూడదు. వేగం తగ్గించి, బండి తిన్నగా ఉన్నప్పుడే వేయాలి. మలుపుకు ముందే తీసేయాలి. తారు రోడ్డెక్కితే ఫోర్ వీల్ కూడా తీసేయాలి. ముందు టైర్లు మార్చేటప్పుడు కంపెనీ చెప్పిన సైజే వేయించండి. సైజు తేడా వస్తే ముందు వెనక చక్రాల లెక్క తప్పి గేర్ల మీద భారం పడుతుంది.

ఎకరా, రెండెకరాల రైతు దీనికోసం అప్పు చేయనక్కర్లేదు. అద్దెకు పిలిచేటప్పుడే వెనక లాకు పనిచేస్తోందా అని అడగండి. కొనేవారు షోరూములో కాదు, మీ మడిలో నడిపి చూపమనండి.