కరివేపాకు మీద కదిలే మచ్చ

చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. చెట్టు పెంచాలంటే చోటెక్కడిది? అయినా శాలిబండలోనో లాల్‌దర్వాజాలోనో మేడ మీద ఓ కుండీలో కరివేపాకు మొక్క కనబడుతూనే ఉంటుంది. పోపులోకి నాలుగు రెబ్బలు తుంచబోయిన ఇల్లాలికి ఒక్కోసారి ఆకు మీద పిట్ట రెట్టలాంటి మచ్చ కనిపిస్తుంది. దులిపేద్దామంటే... కదులుతుంది!

కంగారు పడకండి. అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. పిట్టల కంట పడకుండా వేసుకున్న వేషమది.

నల్లటి రెక్కల మీద లేత పసుపు మచ్చలు, వెనక రెక్కల మీద ఓ ఎర్రచుక్క... ఇవీ తల్లి గుర్తులు. నిమ్మ, బత్తాయి, మారేడు, కరివేపాకు అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. తల్లి ఆకు మీద వాలి కాళ్లతోనే రుచి చూస్తుంది. తన పిల్లలు తినగలిగే ఆకే అని తేలాకే ఒక్కో గుడ్డు పెడుతుంది. ఆకు మారిందా, పిల్లకు పస్తే!

గుడ్డులోంచి వచ్చిన పురుగుకు తినడమే పని. నాలుగుసార్లు చర్మం విడిచాక పచ్చగా మారుతుంది. దాన్ని తాకి చూడండి. తల వెనక నుంచి రెండు కొమ్ములు బయటికొచ్చి ఘాటైన వాసన కొడతాయి. అదంతా శత్రువును బెదిరించడానికే. ఒంటి మీద దురద పుట్టించే నూగు దీనికి ఉండదు.

ఒకరోజు తిండి మానేస్తుంది. పట్టుదారంతో నడుముకు బెల్టులా కట్టుకుని కొమ్మకు అతుక్కుంటుంది. ఐదోసారి చర్మం విడిచి ప్యూపా అవుతుంది. పిల్ల పురుగును పిల్లగానే ఉంచే ఓ హార్మోన్ అప్పటికే తగ్గిపోతుంది. లోపల పాత కండరాలు, పేగులు చాలావరకు కరిగిపోతాయి. మొదటి నుంచీ దాగి ఉన్న చిన్న చిన్న కణాల గుంపులు రెక్కలు, కాళ్లు, కళ్లుగా ఎదుగుతాయి. పిల్లల పాఠాల్లో ‘రూపవిక్రియ’ అనేది దీన్నే.

మరి పాతదంతా చెరిగిపోతుందా? 2008లో అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు సీతాకోకచిలుకకు దగ్గరి చుట్టమైన ‘మాత్’ పురుగులకు ఓ వాసన చూపిస్తూ చిన్నగా షాక్ ఇచ్చారు. ప్యూపాలోకి వెళ్లబోయే ముందు ఆ పాఠం నేర్చుకున్న పురుగుల్లో చాలా వాటికి రెక్కలొచ్చాక కూడా ఆ వాసన గుర్తుంది. ఒళ్లు మారినా భయం మిగిలింది!

బత్తాయి రైతుకు ఈ పురుగు శత్రువే. లేత మొక్కల ఆకులన్నీ తినేస్తుంది. మేడ మీద కుండీలో మాత్రం నాలుగు రెబ్బలు పోతే పోయేదేముంది? పురుగుమందు కొట్టారంటే రేపు ఆ ఆకే మీ చారులో పడుతుంది. దానికి ఓ కొమ్మ వదిలేయండి. పిల్లలకు చూపించండి. ఈ వింత కోసం బహదూర్‌పురా జూపార్కు దాకా వెళ్లనక్కర్లేదు. ప్యూపా పగిలి ముడతల రెక్కలతో బయటికొచ్చినప్పుడు మాత్రం సాయం చేయబోకండి. అవి ఆరి విచ్చుకోవడానికి కాసేపు పడుతుంది. ఆ కాస్త సమయం దానికి ఇవ్వండి.