పసుపు మరక ఎర్రబడితే

పప్పుచారు ఒలికిన తెల్లచొక్కాను సబ్బుతో రుద్దగానే పసుపు మరక కాస్తా ఎర్రబడడం తెలుగు ఇళ్లకు కొత్త కాదు. కొత్త బట్టల మూలలకు పసుపు పెట్టే ఆచారం ఉన్న ఇంట, తొలి ఉతుకులో ఆ మూలలు ఎరుపెక్కడం, జాడించగానే మళ్లీ పచ్చబడడం తరతరాలుగా చూస్తున్నదే. అయినా అమెరికా చేరిన తరువాత అదే దృశ్యానికి బెంబేలెత్తి, సింకు కింద ఉన్న సీసాలన్నింటినీ ఒకదాని వెనుక ఒకటిగా ప్రయోగించేవారు లేకపోలేదు. ఎర్రబడిన మరక వల్ల ఎవరికీ కీడు లేదు. ఆ తరువాత జరిగే వైద్యంతోనే వచ్చింది చిక్కంతా.

పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం కర్క్యుమిన్. వోగెల్, పెల్లెటియర్ అనే శాస్త్రజ్ఞులు 1815లో దీనిని పసుపుకొమ్ముల నుండి వేరుచేశారు. దాని అణునిర్మాణం తేలడానికి 1910 వరకు పట్టింది. ఆమ్లంలో పచ్చగాను, క్షారంలో ఎర్రగాను కనిపించడం దీని స్వభావం. పారాణికై పసుపులో సున్నం కలిపిన ముత్తయిదువ చేసినది ఈ ప్రయోగమే. పాతరోజులలో పసుపు నుండి కుంకుమ తయారైనదీ ఈ సూత్రం మీదనే. బట్టల సబ్బు క్షారగుణం కలది గనుక మరక ఎర్రబడుతుంది. బాగా జాడించి, కాస్త వెనిగరు గాని నిమ్మరసం గాని తగిలిస్తే ఎరుపు విరిగి పసుపు తిరిగివస్తుంది. అయితే మారినది రంగు మాత్రమే, మరక ఎక్కడికీ పోలేదు. వెనిగరుతో పసుపు మరక మాయమవుతుందని చెప్పే చిట్కాలు ఈ తేడాను గుర్తించవు.

కర్క్యుమిన్ నీటిలో దాదాపుగా కరగదు; నూనెలోను, ఆల్కహాలులోను కరుగుతుంది. కూరలోని నూనెను పట్టుకొనే అది నూలుపోగులలోకి చొరబడుతుంది. కాబట్టి మొదట గిన్నెలు తోమే ద్రవసబ్బుతో ఆ జిడ్డును వదిలించాలి. మిగిలిన పని సూర్యుడికి అప్పగించడం ఉత్తమం. కర్క్యుమిన్ వెలుతురుకు తాళలేదు, కాంతి సోకినకొద్దీ దాని అణువు విచ్ఛిన్నమవుతుంది. పెరట్లో దండెం మీద ఆరిన చీరకు ఇంటివారికి తెలియకుండానే ఈ చికిత్స జరిగిపోయేది. ఇక్కడ అనేక కాలనీల నియమాలు ఆరుబయట బట్టలారవేయడానికి ఒప్పుకోవు. (ఇంతటి ఎండ కాసే టెక్సాస్‌లో సైతం బట్టలారడానికి కరెంటు ఖర్చు చేయడం ఒక విచిత్రం.) అయినా చింత లేదు: కిటికీ అద్దం వెనుక ఎండ పడేచోట తడిబట్టను వేలాడదీసినా రెండు మూడు రోజులలో రంగు చాలావరకు వెలిసిపోతుంది. అంతవరకు డ్రయ్యరులో మాత్రం వేయరాదు. ఆ వేడికి మిగిలిన జిడ్డు పోగులకు మరింత అంటుకుపోతుంది. తెల్లని నూలుబట్ట అయితే, నీటిలో హైడ్రోజన్ పెరాక్సైడును విడుదల చేసే సోడియం పెర్కార్బొనేట్ పొడిలో నానవేయవచ్చు.

పట్టుచీర సంగతి వేరు. పట్టు మాంసకృత్తులతో తయారైన పోగు. రక్తం, పాలు వంటి మరకలను విరగ్గొట్టడానికి నేటి డిటర్జెంట్లలో చేర్చే ఎంజైములు పట్టునూ ఆహారంగానే భావిస్తాయి. గాఢమైన క్షారం దానిని బలహీనపరుస్తుంది, క్లోరిన్ బ్లీచి ఏకంగా తినివేస్తుంది. పెద్దలు పట్టుబట్టలకు కుంకుడురసమే వాడమనడంలో చాదస్తం ఏమీ లేదు. కుంకుడులోని సపోనిన్లు నురుగునిచ్చి జిడ్డు వదిలిస్తాయి, సబ్బుకున్న క్షారగుణం వాటికి లేదు. ఇత్తడి బిందెకు చింతపండు కూడా ఇటువంటిదే. అందులోని టార్టారిక్ ఆమ్లం లోహం మీది చిలుమును కరిగిస్తుంది. రక్తపు మరకకు చన్నీళ్లే వాడాలనే మాటకూ కారణం ఉంది: వేడి తగిలితే అందులోని మాంసకృత్తు గుడ్డులా గడ్డకట్టి పోగును అంటిపెట్టుకుంటుంది.

ఈ పాత చిట్కాలలో చాలావాటికి రసాయనశాస్త్రం సమర్థన దొరుకుతుంది. దాని కంటె ముఖ్యమైన సుగుణం మరొకటి వాటికి ఉండేది. కుంకుడు, చింతపండు, బూడిద, నిమ్మచెక్క: వీటిలో దేనిని దేనితో కలిపినా ప్రాణాపాయం లేదు. మహా అయితే ఒకదాని గుణాన్ని మరొకటి చెరుపుతుంది. అమెరికా ఇంటి సింకు కింద బ్లీచి, అమ్మోనియా, మరుగుదొడ్డి కడిగే ఆమ్లం పక్కపక్కనే నిలబడి ఉంటాయి. అలమార మారింది గాని, ‘ఇది కొంచెం, అది కొంచెం’ అనే అలవాటు మారలేదు. ఫోనులలో తిరిగే చిట్కాల వీడియోలు ఆ అలవాటుకు మరింత ఆజ్యం పోస్తున్నాయి. వంటసోడాలో వెనిగరు పోస్తే బుసబుస పొంగేది బొగ్గుపులుసు వాయువు. చివరకు మిగిలేది ఏ మరకకూ పనికిరాని సోడియం అసిటేట్ నీళ్లు. అందులో ప్రమాదం లేకపోయినా, రెండు కలిపితే బలం రెట్టింపవుతుందన్న భ్రమ మిగులుతుంది.

ఆ భ్రమతో వెనిగరును గాని, ఆమ్లపు సీసాను గాని బ్లీచితో కలిపితే వెలువడేది క్లోరిన్ వాయువు. 1915 ఏప్రిల్‌లో ఈప్ర్ యుద్ధరంగంలో సైనికుల మీదికి వదిలినది ఈ వాయువునే. అమ్మోనియాతో కలిపితే ఊపిరితిత్తులను దహించే క్లోరమిన్లు పుడతాయి. పసుపు మరక మీద రుద్దిన ఆల్కహాలు ఆరకముందే బ్లీచి పోస్తే క్లోరోఫారం వంటి విషపదార్థాలు ఏర్పడవచ్చు. ఊరిలో పెరటి స్నానాలగదికి బ్లీచింగు పౌడరు చల్లినా గాలి దానిని మోసుకుపోయేది. జనవరిలో చికాగోలో కిటికీలు బిగించిన స్నానాలగదికి ఆ వసతి లేదు.

కూతురి పురిటికి వచ్చి, ఖాళీగా కూర్చోలేక గచ్చు కడగబోయే తల్లికి సీసా మీది ఇంగ్లీషు హెచ్చరిక అర్థం కాకపోవచ్చు. పిల్లలకు అందకుండా తాళం వేసే జాగ్రత్త చాలా ఇళ్లలో ఉంది. పెద్దలకై చేసిన ఏర్పాటు మాత్రం అరుదు. బ్లీచి సీసాను విడిగా వేరే అరలో ఉంచి, ‘దీనిలో నీళ్లు తప్ప మరేదీ కలపరాదు’ అని పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి అంటించడానికి రెండు నిమిషాలు చాలు. ఆ చీటీ పక్కనే పాయిజన్ కంట్రోల్ కేంద్రం నంబరు 1-800-222-1222 కూడా రాయాలి. ఘాటు వాసన తగిలితే సీసా మూత కోసమో, బకెట్టు పారబోయడానికో ఆగకుండా వెంటనే గది విడిచి బయటి గాలిలోకి రావాలని, ఊపిరి ఆడకపోతే 911కు ఫోను చేయాలని ఆమెకు ముందుగానే చెప్పి ఉంచాలి.