ముఖం తర్వాత, ముందు మాట వినబడాలి

పోయినేడాది ఒక క్లయింటు కాల్‌లో నాకు జరిగిన చిన్న పరాభవం చెప్తాను. మూడు వారాలు కూర్చుని చేసిన డిజైన్‌ని ఇంటినుంచే వాళ్ళకి వివరించాలి. మొదలెట్టిన రెండు నిమిషాలకే అవతల్నుంచి "సారీ, కెన్ యూ రిపీట్?" మూడోసారి కూడా అదే మాట వచ్చేసరికి మా లీడ్ కల్పించుకుని, టీమ్‌లో ఇంకో అబ్బాయితో చెప్పించేశాడు. మెచ్చుకోళ్ళు కూడా అతనికే పోయాయి. అతని తప్పేం లేదు. అతని మాట వినబడింది, నాది వినబడలేదు. అంతే!

ఇక్కడ కామెడీ ఏంటంటే, అంతకు నెల ముందే ఆరు వేలు పోసి వెబ్‌క్యామ్, పైన రింగ్ లైటు కొన్నాను. నా మొహం మాత్రం దివ్యంగా కనబడిందిట :)

డెస్క్ సెటప్ అనగానే మనలో చాలామందికి కెమెరా, వెనకాల రంగుల లైట్లే గుర్తొస్తాయి. నేనైతే మాటకే మొదటి ఓటు వేస్తాను. బొమ్మ కాస్త మసకబారినా ఎవరూ పట్టించుకోరు. మాట తెగితే ఐదు నిమిషాల్లో వినడం మానేస్తారు.

మాది చిన్న ఫ్లాటు. పడగ్గది మూల మూడడుగుల బల్ల, వెనక ఇనుప బీరువా, ఎదురుగా బోడి గోడ, నెత్తిమీద ఫ్యాను. ల్యాప్‌టాప్ మైకేమో నోటికి రెండడుగుల దూరం. దూరం సగానికి తగ్గించిన ప్రతిసారీ మైకుకి నేరుగా చేరే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఫ్యాను గోల, గోడల ప్రతిధ్వని మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. రెండడుగుల నుంచి ఆరంగుళాలకి వస్తే 12 డెసిబెల్స్ లాభం. డ్రాయర్‌లో పడున్న వైరు ఇయర్‌ఫోన్స్‌తోనే ఆ పని అయిపోతుంది.

"నాకు ఖరీదైన బ్లూటూత్ ఉందిగా" అంటారా? మామూలు బ్లూటూత్‌లో మైకు ఆన్ అవగానే అది ఫోన్ కాల్ పద్ధతిలోకి మారిపోతుంది. పాటలకి బ్రహ్మాండంగా ఉన్నదే మాటకి డొక్కుగా తయారవుతుంది. ఎల్ఈ ఆడియో వాటిలో ఈ బాధ తగ్గింది గానీ, అది హెడ్‌సెట్‌లోనూ కంప్యూటర్‌లోనూ రెండింట్లో ఉండాలి.

డెమోలు రికార్డ్ చేసేవాళ్ళు కార్డియాయిడ్ రకం యూఎస్‌బీ మైకు ఒకటి కొనుక్కోవచ్చు. అది వెనకవైపు శబ్దాన్ని తక్కువగా పట్టుకుంటుంది. నేను దాని వీపుని వంటింటి వైపు తిప్పి పెట్టాను. ఎదుటి గోడకి మా అమ్మ కుట్టిన పాత బొంత వేలాడదీశాను. "ఇదేం అవతారంరా, ఎవరైనా వస్తే ఏమనుకుంటారు?" అని ఆవిడ గొణుగుడు. కానీ ప్రతిధ్వని తగ్గింది. రికార్డింగ్ అప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపేసి, కాళ్ళ దగ్గర చిన్న టేబుల్ ఫ్యాను పెట్టుకుంటాను.

బొమ్మకి కావల్సింది ఇంకా తక్కువ. కిటికీ వెనక కాకుండా మొహానికి ఎదురుగానో పక్కగానో ఉండాలి. కెమెరా కళ్ళ ఎత్తులో ఉండాలి. ల్యాప్‌టాప్ కింద నా ఇంజినీరింగ్ పుస్తకాలు నాలుగు పెట్టి, విడిగా కీబోర్డు తగిలించాను. అవి ఇన్నాళ్ళకి పనికొచ్చాయి! లైటు చారలు కనబడితే కెమెరా సెట్టింగుల్లో 60 హెర్ట్జ్‌ని 50కి మార్చండి. మన కరెంటు 50.

"పని బాగా చేస్తే చాలు, ఈ సోకులెందుకు?" అని ఒక స్నేహితుడి వాదన. ఒకప్పుడు నాదీ అదే. కానీ ఎదుటివాళ్ళకి అందని పని, చేసినా చెయ్యనట్టే లెక్క. అందులోనూ మనది కాని భాషలో, మనది కాని యాసలో మాట్లాడుతున్నప్పుడు సగం అక్షరాలు మైకు మింగేస్తే ఇంకేం మిగుల్తుంది?

ఏ కాల్‌కైనా ముందు ముప్ఫై సెకన్లు రికార్డ్ చేసుకుని వినండి. నా గొంతు నేను మొదటిసారి విన్నప్పుడు నూతిలోంచి మాట్లాడినట్టుంది.

మొన్న మళ్ళీ అదే క్లయింటుకి డెమో ఇచ్చాను. నాలుగు ప్రశ్నలొచ్చాయి. నాలుగూ డిజైన్ గురించే.