కారెడు చెవికి శస్త్రచికిత్స

చెవి కారుట పిల్లల జబ్బేయని తలచి, పెద్దలైన పిదపను గోరువెచ్చని నూనె పోసికొని యోర్చుకొను సోదరీమణులు పెక్కురు కలరు. కర్ణభేరికి చిల్లిపడిన చెవిలో నూనె పోయరాదని మేము మరల జెప్పుచున్నాము. మందులతో చీము తగ్గియు చిల్లి మానకున్నచో, చెవిమీది కండరమును గప్పిన పలుచని పొరను గొంచెము దీసి దానితో మూయుదురు. కర్ణభేరిని బాగుచేయు నీ విద్య 1950 తరువాత జర్మనీలో వుల్‌స్టైన్, జోల్నరు అను వైద్యులచే వృద్ధిపొందినది.

చీము దుర్వాసన గలదైనచో సంగతి వేరు. లోపల చర్మము పెరిగి యెముకను దినివేయుచుండవచ్చును. అది మందులకు లొంగదు. చెవివెనుక నెముకను దొలిచి దానిని సమూలముగ దీయవలెను, వినికిడి తరువాతిమాట. ఇంటిపనులు తెమలనిమ్మని జాగుచేసినచో మూతి వంకరపోవుటయు, మెదడునకు చీము పట్టుటయు గలదు. శస్త్రమైన పిమ్మట వైద్యుడు సరేయనువఱకు ముక్కు గట్టిగ చీదరాదు; తలంటినపుడు చెవిలో నీరు చొరనీయరాదు.