తోట రాముడి జీతం

ఫస్ట్ షిఫ్ట్ దిగి తానం చేసినా నాన్న చెవుల వెనక బొగ్గు మసి పోయేది కాదు. ఆ మసితోనే మమ్మల్ని ఫస్ట్ షోకి తీసుకెళ్లేవాడు. గోదావరిఖనిలో ‘పాతాళభైరవి’ మళ్లీ ఆడినప్పుడు నేను చూసింది అలాగే. తెర మీద మాంత్రికుడి గడ్డం, పక్క కుర్చీలో ఆ నల్లని చెవి.

ఆ సినిమా నిర్మాత బి. నాగిరెడ్డి మీదే ఈ నెల ముఖచిత్ర కథనం. 1912లో కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన ఆయన హీరో కాదు, అచ్చాఫీసు మనిషి. 1947లో చక్రపాణితో కలిసి ‘చందమామ’ మొదలుపెట్టారు. మూలా నారాయణస్వామి కట్టిన మద్రాసు వాహినీ స్టూడియో తర్వాత నాగిరెడ్డి చేతికొచ్చి విజయా వాహినీ అయింది.

అవార్డుల సంగతి అందరికీ తెలిసిందే. 1986కి ఫాల్కే పురస్కారం. నాకు నచ్చింది వేరే. నాగిరెడ్డి విజయా నిర్మాణ సంస్థ తొలి రోజుల్లో ఎన్టీ రామారావు అక్కడ నెల జీతగాడు! ‘పాతాళభైరవి’లో ఆయన వేసిన, రాకుమారి కోసం పాతాళానికి దిగిన తోట రాముడికీ మనలాగే ఒకటో తారీఖు ఉండేదన్నమాట. (బాయి దిగేవాళ్లకు ఈ పోలిక చెప్పనక్కర్లేదు.) నాగిరెడ్డిని వ్యాపారి అని తేలిగ్గా తీసేసేవాళ్లున్నారు. వ్యాపారే. ఆ లెక్క తెలియబట్టే 1957లో ‘మాయాబజార్’ అంత సినిమాకు పెట్టుబడి పెట్టగలిగాడు.

ఖనిలో పాత సినిమా హాళ్ల ఫొటోలు, టికెట్ ముక్కలు మీ ట్రంకు పెట్టెల్లో ఉంటే పంపండి. వచ్చే సంచికలో వేస్తాం, భద్రంగా తిరిగిస్తాం.

– సంపాదకుడు