మన పంచాయతీ పుస్తకాలు మనమే తెరిపిద్దాం



మన ఊళ్లో సిమెంటు రోడ్డు వేశారు. రెండు వానలు పడేసరికి పెచ్చులు లేచి కంకర తేలింది. ఎంత ఖర్చయిందని టీకొట్టు దగ్గర అడిగితే ఒకాయన నాలుగు లక్షలంటాడు, ఇంకొకాయన తొమ్మిదంటాడు. మూడో ఆయన "పైనుంచి వచ్చిన డబ్బులేగా, మనదేం పోయింది" అని తేల్చేసి టీ గ్లాసు కింద పెడతాడు. నోటి లెక్కలకేం, ఎన్నైనా చెప్పొచ్చు. అసలు లెక్క పంచాయతీ ఆఫీసు బీరువాలో ఉంది. అది తీసి చూపించమని అడిగే హక్కు 2005 అక్టోబరు 12 నుంచి మనకుంది. సమాచార హక్కు చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది ఆ రోజునే. ఇరవై ఏళ్లు దాటిపోయాయి. మన ఊరి నుంచి పడ్డ దరఖాస్తులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"పైనుంచి వచ్చిన డబ్బులు" అన్న మాట ముందు మానేద్దాం. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా మనం కట్టిన పన్నే ఢిల్లీ దాకా వెళ్లి ఆర్థిక సంఘం నిధుల పేరుతో ఊరికి తిరిగొస్తుంది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చుపెట్టాలి. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం వాడకూడదు. ఇక ఇంటి పన్ను, కుళాయి పన్ను అయితే నేరుగా మన జేబులోంచే పోతున్నాయి.

దరఖాస్తు రాసే ముందు ఒక పని చేయండి. ఫోనున్న పిల్లల చేత ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటు తెరిపించండి. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ పేరు ఎంచుకుంటే మన ఊరి ప్రణాళికలో ఏ పనులు పెట్టారు, ఏ పద్దు కింద ఎంత చెల్లించారు అన్నది కనిపిస్తుంది. దీనికి దరఖాస్తు, ఫీజు ఏమీ అక్కర్లేదు. ఆ పని పేరు, మొత్తం ఒక కాగితం మీద ఎక్కించుకోండి. రోడ్డు ఎంత పొడవు వేశారో, ఎంత మందం పోశారో ఆ వెబ్‌సైటు చెప్పదు. అది తెలియాలంటే ఎం-బుక్కు చూడాలి.

ఎం-బుక్కు అంటే ఇంజనీరు కొలతలు రాసే పుస్తకం. పని జరిగిన చోటికి వెళ్లి పొడవు, వెడల్పు, మందం కొలిచి అందులో ఎక్కించి సంతకం పెట్టాలి. బిల్లు పాసయ్యేది ఆ కొలతల మీదే. ఉదాహరణకి 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని రాసి ఉందనుకోండి. కాంక్రీటు 45 ఘనపు మీటర్లు పోసినట్టు లెక్క. మనం టేపు పట్టుకెళ్లి రోడ్డు అంచున, మట్టి జారిన చోట, మందం కొలిస్తే 10 సెంటీమీటర్లే వచ్చిందనుకోండి. రోడ్డంతా అంతే ఉంటే పోసింది 30 ఘనపు మీటర్లు. మిగతా 15 ఘనపు మీటర్లు పుస్తకంలో ఉన్నాయి, రోడ్డులో లేవు. ఎం-బుక్కు నకలొకటి, కొలత టేపొకటి చేతిలో ఉంటే ఎవరినీ తిట్టాల్సిన పని లేదు. అందుకే ఏ కాగితం మర్చిపోయినా ఎం-బుక్కు అడగడం మర్చిపోవద్దు.

దాంతోపాటు అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. పనికి ఎస్టిమేటు, పని అప్పగించిన ఉత్తర్వు, ఓచర్లు, క్యాష్ బుక్కులో ఆ నెలల పేజీలు, ఆ పని చేయాలని పంచాయతీ చేసిన తీర్మానం. తీర్మానాల పుస్తకం చదవడం మొదలుపెడితే సినిమా కన్నా బాగుంటుంది. గ్రామసభకు ఎవరెవరు హాజరయ్యారో సంతకాలుంటాయి. ఆ రోజు మీరు పొలంలో ఉన్నారో, సభలో ఉన్నారో అక్కడ తెలిసిపోతుంది.

ఇక దరఖాస్తు. ఫారం కోసం వెతకొద్దు, తెల్ల కాగితం చాలు. తెలుగులోనే రాయండి. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. ఎవరైనా "ఎందుకమ్మా నీకివన్నీ" అంటే సెక్షన్ 6(2) చూడమనండి. రాయడం రానివారు నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి సాయం చేయాల్సిన బాధ్యత ఆ అధికారిదే. గ్రామ స్థాయిలో దరఖాస్తు ఫీజు లేదు. మండల ఆఫీసులో అయితే 5 రూపాయలు, ఆ పై ఆఫీసుల్లో 10 రూపాయలు. నకలుకు పేజీకి 2 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఇవేవీ ఉండవు, తెల్ల రేషను కార్డు జిరాక్సు జతచేయండి.

ఇలా రాస్తే సరిపోతుంది:

"పౌర సమాచార అధికారి, పంచాయతీ కార్యదర్శి గారికి. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. 01-04-2024 నుంచి 31-03-2025 వరకు మా పంచాయతీలో 15వ ఆర్థిక సంఘం నిధులతో చేసిన సిమెంటు రోడ్డు పనులకు సంబంధించిన ఎస్టిమేట్లు, పని ఉత్తర్వులు, ఎం-బుక్కు పేజీలు, ఓచర్లు, క్యాష్ బుక్కు పేజీలు, సంబంధిత తీర్మానాల ధ్రువీకృత నకళ్లు ఇప్పించగలరు. ఈ సమాచారంలో ఏదైనా మీ దగ్గర లేకపోతే సెక్షన్ 6(3) ప్రకారం సంబంధిత కార్యాలయానికి బదిలీ చేసి నాకు తెలియజేయగలరు." కింద పేరు, చిరునామా, తేదీ, సంతకం.

ఈ దరఖాస్తులో ప్రశ్న ఒక్కటీ లేదు, గమనించండి. "రోడ్డు ఎందుకు పాడైంది? బాధ్యులెవరు? చర్యలెందుకు తీసుకోలేదు?" అని రాస్తే "మీరడిగింది సమాచారం కాదు" అని ఒక్క ముక్కలో తిప్పి పంపుతారు, చట్టం వాళ్ల వైపే ఉంటుంది. ఆఫీసులో ఉన్న కాగితాన్ని ఇవ్వమని అడగొచ్చు గానీ, లేని సంజాయిషీ రాసిమ్మని ఈ చట్టం కింద అడగలేం. అలాగే "2005 నుంచి ఇప్పటిదాకా అన్ని లెక్కలూ" అని కూడా రాయొద్దు. ఆఫీసు పనంతా ఆగిపోతుందని తప్పించుకునే వీలు మనమే ఇచ్చినట్టవుతుంది. ఒక ఏడాది, ఒక రకం పని చాలు.

దరఖాస్తు రెండు కాపీలు తీయండి. ఒకటిచ్చి, రెండోదాని మీద తేదీ, స్టాంపు, సంతకం వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఆ రసీదు పోతే మీ కేసు పోయినట్టే. నకళ్ల ఖర్చు ఇంత కట్టమని ఉత్తరం వస్తే వెంటనే కట్టేయండి. ఆ ఉత్తరం పంపిన రోజు నుంచి మీరు కట్టే రోజు దాకా గడువు లెక్కలోకి రాదు.

గడువు 30 రోజులు. ఈలోగా ఏమేం వినిపిస్తాయో మనకు తెలుసు. కంప్యూటరు పాడైంది. సారు మీటింగుకెళ్లారు. ఎం-బుక్కు ఏఈ గారి దగ్గరుంది. ఈ చివరి మాట చాలాసార్లు నిజమే, కొలతల పుస్తకం ఇంజనీరింగు విభాగం దగ్గరే ఉంటుంది. అయితే మనల్ని మండలానికి తిప్పక్కర్లేదు, అయిదు రోజుల్లోగా దరఖాస్తును వాళ్లే అక్కడికి పంపాలి. పేజీలు మరీ ఎక్కువైతే నకళ్లకు బదులు రికార్డు తనిఖీ అడగండి. మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి 15 నిమిషాలకు 5 రూపాయలు. కూర్చుని చూసి, నోట్సు రాసుకుని, కావాల్సిన పేజీలే నకలు తీసుకోవచ్చు. జరిగిన పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా ఈ చట్టంలో ఉన్నాయి. ఇది చాలామందికి తెలియదు.

30 రోజులు దాటితే ఆ తర్వాత ఇచ్చే నకళ్లకు డబ్బు తీసుకోకూడదు. జవాబు రాకపోయినా, సగమే వచ్చినా, మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి. అప్పీలు అధికారి ఎవరన్నది తిరస్కరణ ఉత్తరంలోనే రాయాలి, ఆఫీసు బోర్డు మీదా ఉండాలి. మన పంచాయతీ ఆఫీసు గోడ మీద ఆ బోర్డు ఉందో లేదో ఈసారి వెళ్లినప్పుడు చూడండి. మొదటి అప్పీలూ తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా వేయగలదు. కమిషన్ దగ్గర పని చకచకా అయిపోతుందని మాత్రం చెప్పలేం. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా కమిషనర్లే లేకుండా గడిచింది. కాబట్టి పని పంచాయతీలోనే తేలేలా దరఖాస్తు పకడ్బందీగా రాసుకోవడమే మేలు.

ఇంకో మాట మొహమాటం లేకుండా చెబుతున్నాం. ఎదురింటివాళ్ల మీద కోపం తీర్చుకోవడానికి ఈ చట్టం వాడొద్దు. ఇంకొకరి బ్యాంకు ఖాతా, ఆరోగ్యం వివరాలు అడిగితే రావు, రాకూడదు కూడా. వ్యక్తిగత సమాచారం అన్న మినహాయింపును 2023 డేటా రక్షణ చట్టం ఇంకా వెడల్పు చేసింది, రేపు కాంట్రాక్టరు బిల్లుకు కూడా దాన్నే అడ్డం పెట్టవచ్చు. ప్రజాధనంతో చేసిన పని బిల్లు ఎవరి సొంత విషయమూ కాదు, ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని సెక్షన్ 8(2) చెబుతోంది. అప్పీలులో ఆ మాట రాయండి.

ఇదంతా చదువుకున్నవాళ్ల వ్యవహారం అనుకునేవారికి ఒక సంగతి. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానా అనే పల్లెలో కూలీలు, చిన్న రైతులు జనం మధ్య కూర్చుని మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు బిగ్గరగా చదివించుకున్నారు. మస్టరులో పేరుండి కూలి అందనివాళ్లు అక్కడే లేచి చెప్పారు. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. సామాజిక కార్యకర్త అరుణా రాయ్ లాంటివాళ్లు వెంట నిలిచారు గానీ, ఎండలో కూర్చున్నది ఎక్కువగా ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఈ చట్టం అక్కడి నుంచి వచ్చింది. 2006లో మన ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి పనులకు మొదలైన సామాజిక తనిఖీ కూడా అదే పద్ధతి. ఊళ్లో మస్టరు చదివిన రోజు ఎవరి మొహం ఎలా మారిందో మనలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

ఒక్కరే దరఖాస్తు పెడితే ఆ ఒక్కరి ఇంటికి రాత్రి మనుషులొస్తారు. "పిల్లల భవిష్యత్తు చూసుకో" అంటారు. అందుకే ఒకే దరఖాస్తును ఇరవై ఇళ్ల నుంచి ఎవరి పేరున వారు వేద్దాం. పార్టీలు పక్కన పెడదాం. సర్పంచి గారిని, కార్యదర్శి గారిని కూడా పిలుస్తున్నాం. లెక్క సరిగ్గా ఉంటే వాళ్ల మీదున్న నిందే పోతుంది.

వచ్చే ఆదివారం సాయంత్రం 5 గంటలకు వాటర్ ట్యాంకు కిందికి రండి. తెల్ల కాగితాలు, పెన్నులు, కార్బన్ పేపర్లు మేం తెస్తాం. తెల్ల రేషను కార్డు ఉన్నవారు జిరాక్సు తెచ్చుకోండి. రాయలేనివారికి డిగ్రీ చదివే పిల్లలు రాసిపెడతారు, మీరు చదివించుకుని విన్నాకే సంతకమో వేలిముద్రో వేయండి. ఇంట్లో కొలత టేపు ఉన్నవారు అది కూడా పట్టుకురండి, చీకటి పడేలోగా రోడ్డు కొలుద్దాం.

ఇట్లు,
మీ ఊరివాళ్లం

(చందాలతో అచ్చు వేయించాం. చదివాక పక్కింటికి ఇవ్వండి.)